దొడ్డి రేవుకి పెట్టించిన స్ప్రింగ్ గేటు: ఐదేళ్ల వాడకం తర్వాత

అమలాపురం దగ్గర పల్లెలో మా ఇల్లు కాలువ గట్టునే ఉంది. దొడ్డి తలుపు తీస్తే పదడుగుల్లో రేవు మెట్లు. 2020 దాకా అక్కడ తాటాకు తడికే అడ్డం. అప్పుడు మా పాపకి ఏడాదిన్నర. ఓ సాయంత్రం తడిక పక్క సందులోంచి దూరి, కాళ్లు నీళ్లలో పెట్టుకుని రెండో మెట్టు మీద కూర్చుంది. చప్పుడు లేదు, ఏడుపు లేదు. గిన్నెలు కడుక్కోవడానికి వచ్చిన మా అత్తగారు చూశారు కాబట్టి సరిపోయింది. మర్నాడే వెల్డింగ్ షాపుకి వెళ్లాం.

నాలుగడుగుల ఎత్తు, వదిలేస్తే దానంతటదే మూసుకునే స్ప్రింగ్ బందులు, గడియ పైన అవతలి వైపు. మొదట అడ్డ కమ్మీలు వేయించాం. అదే పెద్ద తప్పు. మూడేళ్లు వచ్చేసరికి పాప వాటిని నిచ్చెనలా ఎక్కడం మొదలెట్టింది. కోయించేసి నిలువు కమ్మీలు పెట్టించాం, సందు పది సెంటీమీటర్లు మించకుండా. మీరు చేయిస్తుంటే మొదటే ఇలా చెప్పండి. గేటు దగ్గర బకెట్టు, కుర్చీ లాంటివి ఉంచకండి.

మా తేమకి ఇనప స్ప్రింగ్ రెండో వానాకాలానికే తుప్పు పట్టింది. గేటు సగంలో ఆగిపోయేది. స్టెయిన్‌లెస్ స్టీలు బందులు వేయించాక ఆ బాధ లేదు. ఏటా ధవళేశ్వరం నుంచి కాలువలకి నీళ్లు వదిలే ముందు బెత్తెడు తెరిచి వదిలి చూస్తాను. టక్‌మని గడియ పడాలి. పడకపోతే ఆ రోజే బాగు చేయిస్తాను. వేసవిలో కాలువ కట్టేశాక కూడా గేటు తెరిచి ఉంచం. అడుగున గుంటల్లో మిగిలే మోకాల్లోతు నీళ్లు చిన్నపిల్లలకి చాలా ఎక్కువ.

అన్నిటికన్నా నన్ను టెన్షన్ పెట్టింది ఒక ఇటుక. రెండు చేతుల్లో గిన్నెలుంటే గేటు తెరుచుకోదని మా ఇంట్లోనే ఎవరో ఒకరు ఇటుక అడ్డం పెట్టేవారు. తిట్టి చూశాను, లాభం లేదు. చివరికి గేటు అవతల గిన్నెలు దించుకోవడానికి చిన్న అరుగు కట్టించాం. ఇవతల నుంచే చెయ్యి చాపి వాటిని దాని మీద పెట్టి, తర్వాత గేటు తీసుకోవచ్చు. ఆ ఇటుక మళ్లీ కనిపించలేదు.

గేటు ఇంటికే పనికొస్తుంది. కోటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు (బల్లకట్టు లాంటి పెద్ద పడవ) ఎక్కేటప్పుడు పాపకి లైఫ్ జాకెట్ వేస్తాను, తన బరువుకి సరిపడేది, కాళ్ల మధ్య పట్టీ ఉన్నది. 2018 జూలైలో పశువుల్లంక దగ్గర పడవ బోల్తా పడి బడిపిల్లలు పోయిన సంగతి మా వైపు ఎవరూ మర్చిపోలేదు. గాలి ఊదే ట్యూబుని జాకెట్ అనుకోకండి.

ఆశా కార్యకర్త ఇంకోటి నేర్పింది. నీళ్లలోంచి తీసిన పిల్లని తలకిందులుగా తిప్పకూడదు, పొట్ట నొక్కకూడదు. ఊపిరి లేకపోతే ముందు నోట్లో ఊపిరి ఊది, ఛాతీ నొక్కుతూ, ఇంకొకరితో 108కి ఫోన్ చేయించాలి. ఆ నంబరు గేటు పక్క గోడ మీద పెయింటుతో రాయించాను.

మా మరిది రొయ్యల చెరువు గట్టు మీద షెడ్డులో పిల్లలతో ఉంటాడు. ఆ జారుడు గట్టు చూసి వచ్చిన రోజే ఇదే కొలతలతో గేటుకి ఆర్డరిచ్చాను. ఈసారి నిలువు కమ్మీలే.