హెడర్ మారితే తెలుసుకునే జోడీ: సీమేక్, నింజా, వాటితో వచ్చే సీటెస్ట్

రెండేళ్ల క్రితం మా సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టులో, ఒక హెడర్ ఫైలులో (అనేక సోర్సు ఫైళ్లు ఇన్‌క్లూడ్ చేసుకునే ఉమ్మడి ఫైలు) ఉన్న స్ట్రక్చరు చివర మరో డబుల్ విలువను చేర్చాం. అంతకుముందు అందులో రెండు డబుళ్లు, ఒక ఇంటీజరు ఉండేవి కాబట్టి 64 బిట్ల లినక్స్ యంత్రంలో దాని పరిమాణం 24 బైట్లు. కొత్తది చేరాక 32 అయింది. ఆ హెడరును వాడుకునే ఫైళ్లన్నీ మళ్లీ కంపైల్ అయ్యాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్క ఫైలు తాలూకు పాత ఆబ్జెక్టు (కంపైల్ చేస్తే వచ్చే ఫైలు) 24 బైట్ల లెక్కతోనే అర్రేలో అడుగులు వేసుకుంటూ పోయింది కాబట్టి మొదటి మూలకం సరిగానే వచ్చి, రెండో దాని నుంచి అన్నీ తప్పుడు విలువలే వచ్చాయి. ఆబ్జెక్టులన్నిటినీ కలిపి ప్రోగ్రాముగా కూర్చే లింకరుకు స్ట్రక్చరు పరిమాణంతో పని లేదు కనుక అది ఏ అభ్యంతరమూ చెప్పలేదు. లేని లోపం కోసం కోడంతా గాలిస్తూ రెండు రోజులు గడిపాక తేలిందేమిటంటే, ఏ ఫైలు దేని మీద ఆధారపడిందో మేక్ అనే పనిముట్టుకు చెప్పడానికి చేత్తో రాసిన మా మేక్‌ఫైలులో ఆ సోర్సు ఫైలు ఎదురుగా ఆ హెడర్ పేరు రాయడం మరిచిపోయాం.

ఆ తర్వాతే మేము బిల్డ్ (సోర్సు ఫైళ్లను కంపైల్ చేసి ప్రోగ్రాముగా కూర్చే పని) వివరణకు సీమేక్‌ను, దాన్ని నడపడానికి నింజాను, యూనిట్ టెస్టులకు సీటెస్ట్‌ను తెచ్చుకున్నాం. మూడూ ఓపెన్ సోర్సు పనిముట్లే. ఏడాదిన్నరగా రోజూ వాడుతున్నవాడిగా, "చేయాల్సిన పనేమీ లేదు" అని బిల్డ్ పనిముట్టు చెప్పినప్పుడు ఆ మాటను ఎంతవరకు నమ్మవచ్చు అన్న ఒక్క ప్రశ్నతోనే వీటిని తూచదలచుకున్నాను.

1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన మేక్, మనం చెప్పిన ఆధారాలను మాత్రమే ఎరుగుతుంది; సోర్సు ఫైలులో ఏ హెడరును ఇన్‌క్లూడ్ చేశామో అది తెరిచి చూడదు. ఆ సంగతి నిజంగా తెలిసినది కంపైలరుకే. జీసీసీకి గానీ క్లాంగ్‌కు గానీ ఎమ్ఎమ్‌డీ అనే ఫ్లాగు ఇస్తే, కంపైల్ చేస్తూనే తాను తెరిచిన హెడర్ల పేర్లను (సిస్టమ్ హెడర్లు మినహా) ఒక చిన్న ఫైలులో రాసిపెడుతుంది. దానికి తోడు ఎమ్‌పీ ఫ్లాగు ఇస్తే, తర్వాతెప్పుడైనా ఒక హెడరును తొలగించినా మేక్ "దీన్ని తయారుచేసే నియమం లేదు" అంటూ ఆగిపోదు. కాబట్టి మేక్‌తో ఇది అసాధ్యమని అనలేం. అయితే ఈ ఏర్పాటునంతా ప్రతి ప్రాజెక్టులోనూ ఎవరో ఒకరు తెలిసి, గుర్తుపెట్టుకుని రాయాలి. మా దగ్గర ఎవరూ రాయలేదు.

నింజా బలమంతా ఇక్కడే ఉంది. క్రోమియమ్ బ్రౌజరు మీద పనిచేస్తున్నప్పుడు ఇవాన్ మార్టిన్ దీన్ని రాశారు. 30 వేలకు పైగా సోర్సు ఫైళ్లున్న ఆ ప్రాజెక్టులో ఒక్క ఫైలు మార్చినా, అసలు కంపైల్ మొదలవడానికే పాత పద్ధతుల్లో పది సెకన్లు పట్టేదనీ, నింజాతో ఒక సెకను కూడా పట్టదనీ దాని మాన్యువల్‌లోనే ఉంది. నాకు మాత్రం ఆ వేగం కన్నా, కంపైలరు రాసిన హెడర్ల జాబితాను అది చూసుకునే తీరు విలువైనదిగా కనిపించింది. ప్రతి ఫైలు కంపైల్ కాగానే ఆ జాబితాను చదివి, తన సొంత బైనరీ లాగులో చేర్చుకుని, ఆ చిన్న ఫైలును చెరిపేస్తుంది. విజువల్ సీ ప్లస్ ప్లస్‌తో అయితే కంపైలరు తెర మీద ప్రకటించే ఇన్‌క్లూడ్‌ల నుంచే ఈ సమాచారం తీసుకుంటుంది. మొదటి బిల్డ్‌కు ఈ సమాచారం అక్కరలేదు, ఎందుకంటే ఆబ్జెక్ట్ ఫైలే లేనప్పుడు ఎలాగూ కంపైల్ చేయాల్సిందే. రెండోసారికి అవసరమైనది మొదటిసారే పోగవుతుంది. పైగా ఏ కమాండుతో కంపైల్ చేసిందో కూడా నింజా గుర్తుంచుకుంటుంది కాబట్టి, ఆప్టిమైజేషన్ ఫ్లాగు మార్చినా సంబంధిత ఫైళ్లను మళ్లీ కడుతుంది. మామూలు మేక్‌ఫైలు ఆ మార్పును పట్టుకోదు.

అనుమానం వచ్చినప్పుడు దాన్నే అడగవచ్చు. ఎక్స్‌ప్లెయిన్ అనే డీబగ్ ఆప్షన్‌తో నడిపితే ఏ ఫైలు ఎందుకు పాతబడిందో చెబుతుంది. డెప్స్ అనే ఉపకరణం ఒక ఆబ్జెక్ట్ ఫైలు వెనుక ఉన్న హెడర్లన్నిటినీ వరుసగా చూపిస్తుంది. లాగింగ్ హెడరులో ఒక వ్యాఖ్య మార్చినందుకు సగం ప్రాజెక్టు మళ్లీ కంపైల్ అవుతుంటే, ఈ రెండింటితో వెతికి, ఒకే ఒక స్థిరాంకం కోసం అందరూ ఇన్‌క్లూడ్ చేస్తున్న హెడర్ ఆ లాగింగ్ హెడరును కూడా లోపలికి లాగుతోందని కనుగొన్నాం. స్థిరాంకాన్ని వేరే చిన్న హెడరులోకి మార్చడంతో ఆ బాధ తీరింది.

నింజా ఫైళ్లను చేత్తో రాయడం దాని ఉద్దేశం కాదు. మా కోసం వాటిని రాసిపెట్టేది కిట్‌వేర్ సంస్థ తయారుచేసిన సీమేక్. కంపైలర్ల నిర్మాణానికి వాడే ఎల్ఎల్‌వీఎమ్ వంటి పెద్ద ప్రాజెక్టులూ, ఆండ్రాయిడ్ స్టూడియోలోని నేటివ్ కోడూ నడిచే దారి ఇదే. ఒక లైబ్రరీ హెడర్ల దారి దానికి మాత్రమే కావాలా, దాన్ని వాడుకునేవాళ్లకూ అందాలా అన్నది పబ్లిక్, ప్రైవేట్, ఇంటర్‌ఫేస్ అనే మూడు మాటలతో చెప్పగలగడం దీనిలో నాకు అన్నిటికన్నా నచ్చిన అంశం. భాష మాత్రం నచ్చలేదు. అక్కడ అన్నీ స్ట్రింగులే, కాబట్టి చలరాశి పేరులో ఒక అక్షరం తప్పినా ఏ హెచ్చరికా రాదు, ఖాళీ విలువ వచ్చి కూర్చుంటుంది.

నమ్మకం సడలే చోటొకటి ఉంది: బిల్డ్ సమయంలోనే పుట్టే హెడర్లు. వాటిని తయారుచేసే దశకూ, వాడుకునే లక్ష్యానికీ మధ్య సంబంధాన్ని మనమే సీమేక్‌కు చెప్పాలి. చెప్పకపోతే, ఫైళ్లు సమాంతరంగా కంపైల్ అవుతున్నప్పుడు ఆ హెడర్ పుట్టకముందే దాని కోసం వెతికే ప్రమాదం ఉంది. మన యంత్రంలో నిన్నటి హెడర్ మిగిలి ఉంటుంది కాబట్టి లోపం బయటపడదు. కొత్త యంత్రంలో, అదీ అప్పుడప్పుడు మాత్రమే, బిల్డ్ విఫలమవుతుంది. ఇలాంటి లోపాలను వెతికే మిస్సింగ్‌డెప్స్ అనే ఉపకరణం నింజాలో ఉంది. దాన్ని పూర్తి బిల్డ్ అయ్యాకే నడపాలి.

ఇక సీటెస్ట్. సీమేక్ 3.10 నుంచి గూగుల్‌టెస్ట్ (సీ ప్లస్ ప్లస్ టెస్టులు రాసే లైబ్రరీ) ప్రోగ్రాములోని ప్రతి టెస్టునూ విడిగా గుర్తించి నమోదు చేసే సదుపాయం ఉంది. దానివల్ల టెస్టులు సమాంతరంగా నడుస్తాయి, విఫలమైనవాటిని మాత్రమే మళ్లీ నడపవచ్చు, ఆ విఫలమైనదాని అవుట్‌పుట్‌ను మాత్రమే చూడవచ్చు. ఒకే తాత్కాలిక ఫైలులో రాసే రెండు టెస్టులు ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటుంటే, రిసోర్స్ లాక్ అనే గుణంతో అవి ఒకేసారి నడవకుండా ఆపవచ్చు. అయితే సీటెస్ట్‌ను నేరుగా పిలిస్తే అది ముందుగా బిల్డ్ చేయదు. కోడు మార్చి, బిల్డ్ మరిచి, టెస్టులు నడిపితే పాత ప్రోగ్రామే నడిచి అన్నీ నెగ్గినట్లు చూపిస్తుంది. హెడర్ల విషయంలో ఇంత జాగ్రత్తగా ఉండే ఏర్పాటు టెస్టుల దగ్గర ఈ తలుపు తెరిచి ఉంచడం నాకు బాధ కలిగించింది. మా సహోద్యోగి ఒకరు సాయంత్రమంతా అలాంటి ఫలితాన్ని నమ్ముకుని పనిచేశాక, బిల్డ్, టెస్టు రెండూ ఒకే స్క్రిప్టులో పెట్టి, సీటెస్ట్‌ను విడిగా పిలవడం మానేశాం.

మెమరీ తక్కువున్న ల్యాప్‌టాప్‌లలో, నింజా తనంతట తానుగా అన్ని కోర్లనూ వాడటం వల్ల పెద్ద లింకులు ఒకేసారి మొదలై యంత్రం స్తంభించవచ్చు. లింకు పనులకు విడిగా జాబ్ పూల్ (ఒకేసారి నడిచే పనుల సంఖ్యకు హద్దు పెట్టే ఏర్పాటు) పెట్టి, దాని హద్దును రెండుకు కుదించాక మాకు ఆ ఇబ్బంది రాలేదు. ఫైలు మారిందా లేదా అన్నది నింజా దాని చివరి మార్పు సమయాన్ని బట్టే నిర్ణయిస్తుంది కనుక గిట్‌లో మరో శాఖకు వెళ్లి తిరిగి వస్తే, కోడు మారకపోయినా చాలా ఫైళ్లు మళ్లీ కంపైల్ అవుతాయి. దీనికి, పాత కంపైల్ ఫలితాలను దాచి తిరిగి వాడే సీక్యాష్‌ను జతచేసుకోవడం మంచిది.

సోర్సు ఫైళ్లు పదీ పదిహేను మించని చిన్న పనికి ఇదంతా నేర్చుకోమని చెప్పను. మేక్‌ఫైలుతోనే కొనసాగాల్సినవారు పైన చెప్పిన రెండు ఫ్లాగులనూ చేర్చి, కంపైలరు రాసే ఆ చిన్న ఫైళ్లను మేక్‌ఫైలులోకి ఇన్‌క్లూడ్ చేసుకుని, ఒకసారి పూర్తిగా బిల్డ్ చేసి, ఎక్కువమంది వాడే ఒక హెడరును టచ్ కమాండుతో (అది ఫైలు సమయాన్ని మాత్రమే మారుస్తుంది) తాకి, ఏ ఫైళ్లు మళ్లీ కంపైల్ అవుతున్నాయో లెక్కపెట్టి చూడండి. ఆ సంఖ్య, ఫైళ్లలో పదాలు వెతికే గ్రెప్ కమాండుతో చూస్తే ఆ హెడరును ఇన్‌క్లూడ్ చేసినట్లు దొరికే సోర్సు ఫైళ్ల సంఖ్య కన్నా తక్కువగా ఉంటే, మా స్ట్రక్చరుకు పట్టిన గతి మీ ప్రాజెక్టులోనూ పొంచి ఉందన్నమాట.