పాత స్పోర్ట్స్ కారు: సొంత ఇంజనా, కొత్త ఇంజనా?

1962లో వచ్చిన బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీ వంటి దాని ఇంజను అరిగిపోయినప్పుడు, దాన్నే విప్పి బాగుచేయించాలా, ఆధునిక ఇంజను, గేర్‌బాక్సు అమర్చాలా అన్న సందిగ్ధం తప్పదు.

ఖర్చు: పాతదైతే రీబోరు (అరిగిన సిలిండర్లను మళ్లీ తొలచడం), పిస్టన్లు, బేరింగులతో చాలావరకు తేలిపోతుంది. మార్పిడిలో ఇంజను ధర ఆరంభం మాత్రమే. మౌంట్లు, ప్రొపెల్లర్ షాఫ్టు, వైరింగు, ఈసీయూ (ఇంజనును నియంత్రించే కంప్యూటరు), రేడియేటరు వరసకడతాయి.

శ్రమ: పాత ఇంజనులో ఇంధనాన్ని గాలితో కలిపే కార్బురేటరుకు మూడు నాలుగు పీఎస్ఐ (పీడనం కొలత) ఇంధన పీడనం చాలు, ఆధునిక ఇంజనులోని ఇంజెక్షన్‌కు సాధారణంగా 40 దాటాలి కనుక పంపు, గొట్టాలు మార్చాల్సిందే. అయితే చల్లని ఉదయం చోక్ లాగి, జంట ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్లు దారికొచ్చేదాకా ఆగే పని ఇక ఉండదు.

ప్రమాదం: ఎంజీబీ 1798 సీసీ ఇంజను శక్తి సుమారు 95 హార్స్‌పవర్, బ్రేకులు, వెనుక యాక్సిలు ఆ లెక్కకే చేసినవి. వాటిని అలాగే ఉంచి 300 హార్స్‌పవర్ దాటే వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజనును కూర్చోబెట్టడం ప్రాణాలతో చెలగాటమని నా గట్టి అభిప్రాయం.

ఇంజను, ఛాసిస్ నంబర్లు ఫ్యాక్టరీ రికార్డుతో సరిపోయే అరుదైన కారుకు సొంత ఇంజనే తగినది. అసలు ఇంజను ఎప్పుడో పోయి, దూరప్రయాణాలకు వాడదలచిన కారుకు, బాడీని కోయకుండా ఇమిడే తేలికైన నాలుగు సిలిండర్ల ఇంజను మేలు.