సొంతంగా బిగించిన హాట్ అండ్ కోల్డ్ ఏసీ: మూడు చలికాలాల తర్వాత ఒక నట్టు మీద ఫిర్యాదు

స్టార్ రేటింగు, వైఫై, రిమోట్‌లో ఎన్ని మోడ్‌లు అనేవి ఇక్కడ రాయడం లేదు. అవన్నీ డబ్బా మీదే ఉంటాయి. ఒక టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్, ఆర్32 గ్యాస్, చల్లగాలీ వేడిగాలీ రెండూ ఇచ్చే రకం. బెంగళూరులో మారతహళ్లి వైపు ఒక ఫ్లాటులో, బాల్కనీ గోడకి సొంతంగా బిగించినది. మూడు ఎండాకాలాలు, మూడు చలికాలాలు నడిచింది. యంత్రం మీద పెద్ద ఫిర్యాదేమీ లేదు. కోపమంతా దానితో పాటు డబ్బాలో వచ్చిన మూడు మీటర్ల రాగి పైపు మీద, అసలు మాట చెప్పాలంటే ఆ పైపు చివర ముందే చేసి పంపిన ఫ్లేర్ మీద.

ఫ్లేర్ అంటే పైపు మూతిని ఉమ్మెత్త పువ్వులా విప్పడం. 45 డిగ్రీల వాలుతో విచ్చుకున్న ఆ రాగి మూతి వాల్వు ఇత్తడి మొన మీద కూర్చుంటుంది, నట్టు దాన్ని వెనక నుంచి అదిమి పట్టుకుంటుంది. మధ్యలో వాషర్ లేదు, గమ్ము లేదు. టెఫ్లాన్ టేపు చుట్టకూడదు కూడా. రాగి, ఇత్తడి ఒకదాన్నొకటి ఒత్తుకోవడమే సీలు. ఇలాంటి అతుకులు నాలుగుంటాయి: ఇండోర్ వెనక రెండు, అవుట్‌డోర్ వాల్వుల దగ్గర రెండు. మిగతా ఏసీ అంతా ఫ్యాక్టరీలో అతికిందే, మన చేతి పని పడేది ఈ నాలుగు చోట్లే.

మొదటి ఏడాది రాసిన రివ్యూలో ఈ ఏసీ బిగింపు గురించి "శని, ఆదివారాల పని, మెకానిక్ అక్కర్లేదు" అన్న మాట, అది ఇచ్చే వేడిని మెచ్చుకున్న మాట వాస్తవమే. పని రెండు రోజులదే, అందులో తేడా లేదు. రెండో రోజు సాయంత్రం చల్లగాలి రాగానే పని బాగా కుదిరిందనుకోవడమే తొందరపాటు. అది కుదరలేదని తేలడానికి రెండో చలికాలం దాకా పట్టింది.

మొదటి జనవరిలో హీట్ మోడ్‌లో పెడితే ఇండోర్‌లో గాలి వచ్చే మూతి దగ్గర థర్మామీటరు 44 డిగ్రీలు చూపించేది. రెండో జనవరి చివరికి 36 దాటడం మానేసింది. బయట చలి ఎక్కువై కాదు. బెంగళూరు చలి లంబసింగి చలి కాదు, తెల్లవారుజామున 15 డిగ్రీలు ఉంటే ఇక్కడివాళ్లు స్వెట్టర్లు వేసుకుంటారు. ఆ వాతావరణంలో హీట్ పంప్ (బయటి వేడిని లోపలికి తెచ్చే ఇలాంటి ఏసీ) ఆడుతూ పాడుతూ పనిచేయాలి. ఫిల్టర్లు కడిగినా తేడా రాలేదు. ఎర్రర్ కోడ్ కూడా రాలేదు, ఇన్వర్టర్ మెషిన్లతో వచ్చే చిక్కే ఇది. గ్యాస్ కొద్దికొద్దిగా తగ్గుతుంటే కంప్రెసర్ వేగం పెంచుకుని సర్దుకుపోతుంది, మనకి చెప్పదు. బెస్కామ్ (బెంగళూరు కరెంటు సంస్థ) బిల్లు చెబుతుంది.

ఫిబ్రవరి చివర్లో కూలింగ్‌కి మార్చాక గుట్టు బయటపడింది. అవుట్‌డోర్ దగ్గర సన్న పైపు నట్టు మీద తెల్లగా మంచు. ఇండోర్ మూత తీసి చూస్తే కాయిల్ ఒక పక్క నిండా చెమట, ఇంకో పక్క ఎండు కట్టెలా పొడి. కాయిల్ మొత్తం తడవాలి. సగమే తడిసి, సన్న పైపు మీద మంచు కూడా పడుతుంటే గ్యాస్ తక్కువైనట్టే.

మంచు పట్టింది సన్న పైపుకైనా లీకు అక్కడ కాదు. లావు పైపు నట్టు మీద చుట్టిన నల్ల స్పాంజి విప్పితే లోపల జిడ్డు, దానికి అతుక్కున్న దుమ్ము. గ్యాస్ వెంట కంప్రెసర్ నూనె కూడా కొంచెం కొంచెం వస్తుంది, అదే ఆచూకీ. ఏసీ ఆపి, గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం నీళ్లలో గిలక్కొట్టి, బ్రష్‌తో నట్టు వెనక పూస్తే రెండు నిమిషాలు ఏమీ లేదు. చాలామంది అక్కడితో ఆపేస్తారు. ఐదో నిమిషానికి నట్టుకీ పైపుకీ మధ్య ఆవగింజంత బుడగ లేచింది. అది పగల్లేదు, పక్కన ఇంకోటి లేచింది. కాసేపటికి అక్కడ చీమ గుడ్లలా ఒక గుత్తి. ఏడాదికి పైగా గ్యాస్ ఈ దారినే పోయింది.

మొదటి ఎండాకాలం అంతా ఊరుకున్న నట్టు చలికాలం తర్వాతే ఎందుకు జారింది? కూలింగ్ మాత్రమే ఉన్న ఏసీలో లావు పైపుది సుఖమైన ఉద్యోగం. నడుస్తున్నప్పుడు అందులో 120 నుంచి 145 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి, పైపు చల్లగా ఉంటుంది. హీట్ మోడ్‌లో లోపలి నాలుగు దారుల వాల్వు తిరగబడి, కంప్రెసర్ నుంచి వచ్చే వేడి గ్యాస్ నేరుగా ఆ పైపులోకే వెళ్తుంది. ఒత్తిడి 350 పీఎస్ఐ దాటుతుంది, పైపు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. రాగి వేడికి సాగుతుంది: మూడు మీటర్ల పైపు 60 డిగ్రీల తేడాకి దాదాపు 3 మిల్లీమీటర్లు. రోజూ సాగి, రోజూ ముడుచుకుంటే ఆ లాగుడంతా చివరున్న ఫ్లేర్ మీదే పడుతుంది. అందుకని పైపును గోడకి తీగలా బిగలాగి కట్టకుండా, అవుట్‌డోర్ దగ్గర ఒక విశాలమైన వంపు వదలాలి. ఇక్కడ మొదట్లో అందంగా ఉంటుందని తిన్నగా లాగి క్లాంపులు కొట్టిన తప్పు బిగించిన చేతిది, కంపెనీది కాదు.

కంపెనీది అనదగ్గది ఇది. నట్టు విప్పి ఫ్లేర్‌ని వెర్నియర్‌తో కొలిస్తే 12.3 మిల్లీమీటర్లు. ఈ గ్యాస్ ఒత్తిడికి 3/8 ఇంచు పైపు (ఇక్కడి లావు పైపు) ఫ్లేర్ 12.8 నుంచి 13.2 వరకు ఉండాలి. మొన మీద ఆనే జాగా ఆ మేరకు తగ్గింది. పైగా లోపలి వాలు మీద గోటికి తగిలేంత అడ్డగీత. పైపు కోశాక అంచు గరుకు తీయకుండానే ఫ్లేర్ చేసినట్టుంది. డబ్బాలో వచ్చిన ఫ్లేర్‌ను కళ్లు మూసుకుని నమ్మకుండా రెండు చివరలా ఓ రెండు అంగుళాలు కోసేసి కొత్తగా చేసుకోవడమే మేలు. పైపు అంతకి పొట్టి కాదు.

చేసే పద్ధతి: పైపు కట్టర్‌ను నెమ్మదిగా తిప్పుతూ కోయాలి, ఒక్కసారిగా బిగిస్తే మూతి లోపలికి నొక్కుకుపోతుంది. పైపు మూతిని నేల వైపు వంచి అంచు గరుకు తీయాలి, లేకపోతే రాగి పొట్టు లోపల పడి కంప్రెసర్ దాకా వెళ్తుంది. నట్టు ముందే ఎక్కించాలి (ఇది మరిచిపోనివాళ్లు లేరు, ఒక్కసారైనా). క్లచ్ ఉన్న ఎక్సెంట్రిక్ ఫ్లేరింగ్ టూల్ కొనాలి, బెంగళూరు ఎస్పీ రోడ్డులో దొరుకుతుంది. పాత రకం బార్ టూల్‌తో వచ్చే ఫ్లేర్ ఒక్కోసారి ఒక్కో కొలత. ఫ్లేర్ వెనక, నట్టు తాకే చోట, ఏసీ నూనె ఒక్క చుక్క రాయాలి. అది లేకపోతే నట్టుతో పాటు రాగి మూతి కూడా మెలితిరుగుతుంది.

బిగింపుకి రెండు పానాలు, అందులో ఒకటి టార్క్ పానా (ఎంత బలంతో బిగిస్తున్నామో తెలిపేది). 1/4 ఇంచు నట్టుకి 14 నుంచి 18 న్యూటన్ మీటర్లు, 3/8కి 34 నుంచి 42. టార్క్ పానా లేనివాళ్లకి అంచనా: పాతిక సెంటీమీటర్ల పానా చివర సన్న నట్టుకి ఆరేడు కిలోల బలం, లావు నట్టుకి పదిహేను కిలోల బలం. చెయ్యి సాధారణంగా దీన్ని తలకిందులు చేస్తుంది. సన్నదాన్ని అతిగా బిగించి రాగిని పలచన చేస్తుంది, లావుదాన్ని వదులుగా వదిలేస్తుంది. ఇక్కడ జరిగింది అదే అయ్యుండొచ్చు. మొదటిసారి వాడింది మామూలు అడ్జస్టబుల్ పానా.

ఈ రిపేరుకి మెకానిక్‌ని పిలవక తప్పలేదు. లోపల మిగిలిన గ్యాస్‌ను సిలిండర్‌లోకి తీసి తూచే మెషిను, నైట్రోజన్ సిలిండరు ఇంట్లో ఉండే వస్తువులు కావు. సన్న పైపు వాల్వు మూసి కూలింగ్‌లో నడిపి గ్యాసంతా అవుట్‌డోర్‌లోకి లాగేసే పంప్ డౌన్ చేయొచ్చు కదా అంటే, లీకున్న ఏసీకి అది ప్రమాదం. ఒత్తిడి సున్నా కిందికి పోతే ఆ లీకు దారినే గాలి లోపలికి వస్తుంది. గాలి, నూనె, మండే గుణమున్న ఆర్32 కలిసి కంప్రెసర్‌లో నలిగితే అది పేలొచ్చు. తీసి తూస్తే 410 గ్రాములు, ఏసీ ప్లేటు మీద రాసున్నది 650.

కొత్త ఫ్లేర్ బిగించాక, లీకు ఉందేమో చూడటానికి నైట్రోజన్ 400 పీఎస్ఐ ఎక్కించి రాత్రంతా వదిలేశాం. పొద్దున్న గేజు ముల్లు 386 దగ్గరుంది. అది లీకు కాదు. సాయంత్రం 28 డిగ్రీలు, పొద్దున్న 18. పది డిగ్రీల తేడాకి ఆ ఒత్తిడి దగ్గర 14 పీఎస్ఐ దానంతటదే తగ్గుతుంది. టెంపరేచర్ రాసుకోనివాళ్లు మంచి ఫ్లేర్‌ను విప్పి పాడుచేసుకుంటారు.

తర్వాత లోపలి గాలి, తేమ లాగేయడానికి వాక్యూమ్ పంపు. అరగంటయ్యాక మెకానిక్ గేజు తట్టి చూపించాడు. హిందూపురం మనిషి, పని తెలిసినవాడే. "ముల్లు ముప్పైకి పోవట్లేదు సార్, ఇరవయ్యేడు దగ్గరే ఆగింది. పంపు వీకయినట్టుంది." "బెంగళూరులో అది ముప్పైకి పోదన్నా" అంటే నమ్మలేదు. ఈ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడి గాలి ఒత్తిడే 27 అంగుళాల పాదరసం. ముల్లు గేజు బయటి గాలితో పోల్చి చెబుతుంది కాబట్టి, లోపల ఏమీ మిగలకపోయినా 27 దగ్గరే ఆగుతుంది. చెన్నైలో అదే గేజు ముప్పై చూపిస్తుంది. అసలు ముల్లు గేజుతో వాక్యూమ్ తేల్చలేం, చివరి నిజమంతా ఆ ముల్లు మందంలోనే దాక్కుంటుంది. మైక్రాన్ గేజు (పాదరసం మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో కొలిచేది) పెడితే 480కి దిగింది. పంపు ఆపి పది నిమిషాలు చూడాలి. అంకె కొంచెం పెరిగి ఎక్కడో నిలబడితే లోపల తేమ, ఆగకుండా పెరుగుతూ పోతే లీకు. మాది 700 దగ్గర నిలిచింది, ఇంకో ఇరవై నిమిషాలు లాగించాం. ఆ తర్వాత 650 గ్రాములు తూచి ఎక్కించడమే. ఇన్వర్టర్ ఏసీలో గేజు చూసి "కొంచెం కొట్టండి" అనే పద్ధతి పనికిరాదు, కంప్రెసర్ వేగం మారినప్పుడల్లా ఒత్తిడీ మారుతుంది. హీట్ మోడ్‌లో ఉండగా సర్వీస్ పోర్టుకి గేజు తగిలించకూడదు, అప్పుడు అక్కడ ఉన్నది పెద్ద ఒత్తిడి.

మిగతావి తొందరగా. గోడకి 65 మిల్లీమీటర్ల కన్నం, బయటి వైపు కొంచెం వాలుగా. 20 ఆంపియర్ల ఎంసీబీ, విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, ఎర్తింగ్ సరిచూసుకుని. గీజర్ లైన్‌లో కలపొద్దు. డబ్బాలో చిన్న ప్లాస్టిక్ మూల గొట్టం ఒకటి వస్తుంది, దాన్ని చాలామంది పారేస్తారు. అది అవుట్‌డోర్ అడుగున పెట్టాల్సిన డ్రెయిన్ ఎల్బో. హీట్ మోడ్‌లో చల్లబడేది బయటి కాయిల్ కాబట్టి నీళ్లు అక్కడ కారతాయి. ఎల్బో లేకపోతే అవి కింది ఫ్లాటువాళ్లు ఆరేసిన బట్టల మీద పడతాయి, వాళ్లు పైకొచ్చి అడుగుతారు.

వేడి విషయంలో మొదటి రివ్యూలోని మెచ్చుకోలు చాలావరకు అలాగే ఉంది. రెండు వేల వాట్ల రాడ్ హీటర్ ఇచ్చే వేడిని ఇది క్లాంప్ మీటర్‌లో ఆరేడు వందల వాట్లతో ఇస్తోంది, గాలి మాడు వాసన రాదు. కాకపోతే ఇండోర్ గోడ పైన ఉండటంతో వెచ్చదనం సీలింగ్ కిందే తిరుగుతుంది. రెక్కలు పూర్తిగా కిందికి దించి, ఫ్యాన్ పెంచితే తప్ప కాళ్ల దాకా రాదు. పైగా ఇక్కడ నిజంగా వాడేది ఏడాదికి ఆరేడు వారాలు. ఇంట్లో పసిపిల్లలో, కీళ్ల నొప్పులున్న పెద్దవాళ్లో లేకపోతే ఆ అదనపు డబ్బుకి మామూలు కూలింగ్ ఏసీ చాలనిపించొచ్చు.

సొంతంగా బిగించడం మాత్రం, అవుట్‌డోర్ బాల్కనీలో నిలబడి చేతికి అందేలా ఉంటేనే. ఏడో అంతస్తు బయటి గోడకైతే వద్దు. అద్దె ఇల్లయితే కన్నం కోసే ముందు ఓనర్‌ని అడగాలి, వారంటీ కావాలంటే బిగింపు ఎవరు చేయాలన్నది కార్డు మీద ఒకసారి చూసుకోవాలి. పంపు, మైక్రాన్ గేజు, ఫ్లేరింగ్ టూల్, టార్క్ పానా అన్నీ కొంటే ఖర్చు ఒక్క ఇన్‌స్టలేషన్ చార్జీకి కొన్ని రెట్లవుతుంది. ఇక్కడ తర్వాత ఇంకో రెండు ఏసీలు బిగించాల్సి వచ్చింది కాబట్టి సరిపోయింది.

మూడో చలికాలం మళ్లీ 44 డిగ్రీలు వచ్చాయి. లావు పైపు నట్టు మీద స్పాంజికి ఇప్పుడు టేపు చుట్టలేదు, పాత పంచె అంచు చింపి ముడి వేశాం. దీపావళి అయ్యాక ఒకసారి విప్పి, సబ్బు నురగ పూసి, ఐదు నిమిషాలు కాదు పది నిమిషాలు చూడటానికి.