బాణపుల్లకి టేకా, వెదురా? సిరొంచ వైపు వాళ్లకి ఏది మేలు

గడ్చిరోలి జిల్లా సిరొంచ, అహేరి వైపు ఇంట్లో బాణాలు చేసుకునే కుర్రాళ్లు మొదట అడిగేది ఇదే, పుల్ల టేకుతో చేయాలా, వెదురుతోనా అని. నా మాట ముందే చెప్పేస్తాను: ఓపికుంటే వెదురు, అదీ సన్న కొమ్మలు కాదు, లావు బొంగు చీల్చి తీసిన బద్ద. వారంలో బాణం చేతిలో ఉండాలంటే టేకు. షాపుల్లో అమ్మే గుండ్రటి డోవెల్ కర్రలైతే ఒక్కొక్కటీ తిప్పి చూసి ఏరుకోగలిగితేనే కొనండి.

ఏ కర్రయినా ముందు చూడాల్సింది గీతలు. అవి ఈ కొస నుంచి ఆ కొసదాకా నిలువుగా పోవాలి. మధ్యలో ఏటవాలుగా పక్కకి తెగిపోతే వదిలిన క్షణంలో పుల్ల అక్కడే విరిగి, ఆ మొన విల్లు పట్టుకున్న చేతిలోకి దిగుతుంది. ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. డోవెల్స్‌తో వచ్చే చిక్కే ఇది, మిషన్ గీతల్ని చూడదు, కోసుకుంటూ పోతుంది.

రెండోది స్పైన్, అంటే పుల్ల ఎంత వంగుతుందన్నది. తాడు తోసినప్పుడు బాణం వంగి, విల్లుని పక్కనుంచి దాటి, మళ్లీ సర్దుకుని పోతుంది కాబట్టి ఆ వంపు మీ విల్లు బలానికి సరిపోవాలి. 26 అంగుళాల ఎడంలో రెండు మేకులు కొట్టి, వాటి మీద పుల్ల పెట్టి, మధ్యలో 907 గ్రాములు (2 పౌండ్లు) వేలాడదీయండి. ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో ఆ అంకెతో 660ని భాగించండి, వచ్చేది విల్లు బలం పౌండ్లలో, అంటే తాడు పూర్తిగా లాగడానికి పట్టే బలం. 16.5 దిగితే 40 పౌండ్ల విల్లుకి సరిపోయే పుల్ల అన్నమాట. కర్ర 8 మి.మీ. నుంచి 9 మి.మీ. లావైతే బిగువు 60 శాతం దాకా పెరుగుతుంది, అందుకే చివర్లో గరుకు కాగితం రుద్దేటప్పుడు తొందరపడొద్దు.

ఇక టేకు. ఆలాపల్లి టేకు పుట్టిన జిల్లా మనది, వడ్రంగి దగ్గర ముక్కలు దొరకని ఊరుండదు (అడవిలో చెట్టు జోలికి మాత్రం పోవద్దు). వానాకాలంలో కూడా పెద్దగా వంకర పోదు. కాకపోతే బరువు. 8 మి.మీ. మందం, 75 సెం.మీ. పొడవుంటే పుల్లే 24 గ్రాముల పైన తూగుతుంది, మొన, ఈకలు కలిపితే 30 దాటుతుంది. 40 పౌండ్ల విల్లుకి మొత్తం బాణం 26 గ్రాములుంటే చాలు, కాబట్టి టేకు బాణం కాస్త నెమ్మదిగా, దూరం పోయేకొద్దీ కిందికి పోతుంది. 50 పౌండ్ల విల్లుకైతే బేషుగ్గా ఉంటుంది. ఇంకో సంగతి, టేకులో నూనె ఉంటుంది, ఈకలు అంటించే చోట స్పిరిట్‌తో తుడవకపోతే జిగురు ఊడొస్తుంది. రంపంతో కోసే ముందు ముక్కని కత్తితో చీల్చి చూడండి, చీలిక ఎటు పోతే గీత అటే ఉన్నట్టు.

బయటి దేశాల్లో పేరున్న పోర్ట్ ఓర్ఫర్డ్ సీడర్ అమెరికాలో ఓరెగాన్ తీరం చెట్టు. తేలిక, నిటారు, మంచి కర్రే. ఇక్కడ కూర్చుని దాన్ని తెప్పించుకోవాల్సినంత అవసరం నాకు కనపడదు.

ఎందుకంటే మనకి సాధన వెదురుంది. అడుగు భాగం దాదాపు గట్టి కర్రలా ఉంటుంది, పోగులన్నీ పుట్టుకతోనే నిలువుగా ఉంటాయి కాబట్టి గీతల బెంగ చాలావరకు తీరిపోతుంది. మూడేళ్లు ముదిరిన బొంగు, వానలు పోయాక చలికాలంలో కొట్టింది తీసుకోవాలి. లేత బొంగులో పిండి ఎక్కువ, పురుగు పట్టి పొడి రాలుతుంది. కొన్నాళ్లు నీళ్లలో నానేసి నీడలో ఆరబెడితే ఆ బాధ తగ్గుతుంది. బద్ద చీల్చడం రాకపోతే బుట్టలల్లే మేదరివాళ్లని అడగండి, వాళ్ల చేతిలో కత్తి కణుపుని దాటే తీరు చూసి నేర్చుకోవాల్సిందే. పై తొక్క వైపే బలమంతా, అందుకని లోపలి వైపే ఎక్కువ చెక్కాలి. వంకర కణుపు దగ్గరే ఉంటుంది, పొయ్యి సెగ మీద నెమ్మదిగా కాచి, నిటారుగా పట్టుకుని చల్లారనిస్తే నిలబడుతుంది. తాడు కూర్చునే గాడి కోసేటప్పుడు, గాడి కింద కణుపు వచ్చేలా చూసుకుని దాని మీద దారం బిగించి చుట్టండి, లేదంటే తాడు దెబ్బకి బద్ద రెండుగా చీలుతుంది.

వెదురు తెచ్చుకోవడం గురించి కూడా చెప్పాలి. భారత అటవీ చట్టానికి 2017లో చేసిన సవరణ తర్వాత అడవి బయట పెంచిన వెదురు చట్టం లెక్కలో చెట్టు కాదు. అడవి వెదురైతే గ్రామసభని అడగండి. 2006 అటవీ హక్కుల చట్టం కింద మన జిల్లాలో చాలా గ్రామసభలకి వెదురు మీద హక్కుంది, మెండా లేఖా అనే ఊరికి 2011లోనే వచ్చింది.

వెదురుకున్న పెద్ద లోపం, ఏ రెండు పుల్లలూ ఒకలా ఉండవు. అందుకే కావలసినదానికి రెట్టింపు చేసి, మేకుల మీద కొలిచి, దగ్గరగా వచ్చినవాటినే ఒక జతగా కట్టండి. మిగిలినవి వేరే విల్లుకి పనికొస్తాయి. పిల్లల 20 పౌండ్ల విల్లుకి టేకు అసలొద్దు, 6 మి.మీ. వెదురు బద్ద నుంచి మొదలుపెట్టి కొలుచుకుంటూ పోండి. ఏ కర్రయినా, గురి పెట్టే ప్రతిసారీ ముందు పుల్లని మొహానికి దూరంగా పట్టుకుని కాస్త వంచి, చిటుక్కుమన్నదేమో వినండి.