డెట్రాయిట్ చుట్టుపక్కల పాత కార్లు: ఎక్కడ ఎంతసేపు ఆగాలి

రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి అమెరికా కార్లు చూద్దామని మిషిగన్ వచ్చేవాళ్లలో చాలామంది డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంతో సరిపెట్టుకుంటారు. కెన్నెడీ ఎక్కిన 1961 లింకన్, 1948 టక్కర్ అక్కడే ఉన్నాయి కాబట్టి వెళ్లాల్సిందే. కార్ల కోసమే అయితే ఒక పూట చాలు. మిగతా పూటంతా విమానాలు, రైలింజన్లు తినేస్తాయి.

అసలు సరుకు అక్కడికి సుమారు అరగంట దూరంలో, ఇప్సిలాంటీలో ఉంది. ఒకప్పటి హడ్సన్ కార్ల డీలర్ షాపునే మ్యూజియంగా మార్చారు. చిన్నదే, రెండు గంటల్లో అయిపోతుంది. హడ్సన్ హార్నెట్ తలుపు తీసి ఉంటే లోపలికి తొంగిచూడండి. కారు నేల ఫ్రేమ్ పక్క దూలాల మధ్యకి దిగి ఉంటుంది, అడుగు కిందికి వేసి కూర్చోవాలి. బరువు కిందికి దిగడం వల్లే 1950ల మొదట్లో స్టాక్ కార్ పందేల్లో 308 ఘనపుటంగుళాల ఆరు సిలిండర్ల ఇంజన్ ఎనిమిది సిలిండర్ల వీ8లను ఓడించింది. బాడీ, ఫ్రేమ్ ఒకటే కావడంతో ఏటా రూపు మార్చడం తలకు మించిన ఖర్చయింది. 1954లో హడ్సన్‌కి మరో కార్ల కంపెనీ నాష్‌తో కలిసిపోక తప్పలేదు.

పక్కనే విల్లో రన్ అనే ఫ్యాక్టరీ ప్రాంతం. 1953 ఆగస్టులో లివోనియాలోని హైడ్రామ్యాటిక్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సుల ఫ్యాక్టరీ తగలబడ్డాక ఆ గేర్‌బాక్సుల తయారీ ఇక్కడికి మారింది. ఆ ఏటి క్యాడిలాక్‌లలో కొన్నిటికి బ్యూక్ కార్ల డైనాఫ్లో గేర్‌బాక్సు కనిపిస్తే ఎవరో తర్వాత మార్చారనుకోకండి, ఫ్యాక్టరీ బిగింపే కావచ్చు.

హికరీ కార్నర్స్‌లోని గిల్మోర్ కార్ల మ్యూజియానికి మాత్రం రోజంతా కేటాయించాలి. 90 ఎకరాల్లో షెడ్డు నుంచి షెడ్డుకి నడకే, మంచి బూట్లు వేసుకోండి. భోజనానికి బయటికి పోనక్కర్లేదు, ఆవరణలోనే 1941 నాటి డైనర్ ఉంది. ఎండాకాలం వారాంతాల్లో ప్రదర్శనలుంటాయి, యజమానులే బానెట్ ఎత్తి చూపిస్తారు. 1947–55 షెవర్లే పికప్ కనిపిస్తే క్యాబ్ వెనక కింది మూలలు చూడండి. మంచు కరగడానికి రోడ్లమీద చల్లే ఉప్పు అక్కడే చేరి తినేస్తుంది. యజమాని సరేనంటే గుడ్డ చుట్టిన అయస్కాంతం ఆనించండి, అంటుకోకపోతే లోపల ఉన్నది పుట్టీ. ఊరు చిన్నది కాబట్టి రాత్రి బస కలమజూలోనో బ్యాటిల్ క్రీక్‌లోనో చూసుకోవాలి.

ఇండియానా రాష్ట్రం సౌత్ బెండ్‌లో స్టూడ్‌బేకర్ కార్ల మ్యూజియానికి సగం రోజు. 1966 మార్చిలో కెనడా ప్లాంటు నుంచి వచ్చిన చివరి స్టూడ్‌బేకర్ అక్కడే ఉంది. షికాగో నుంచి వచ్చేవాళ్లకి దారిలో టైమ్ జోన్ మారి గంట పోతుంది, గడియారం ముందుకి తిప్పుకోకపోతే మూసే వేళకి చేరతారు. టోల్ రోడ్డెక్కితే అద్దెకారు కంపెనీ టోల్‌తోపాటు తన రుసుమూ కలుపుతుంది, కారు తీసుకునేటప్పుడే అడగండి.

ఆగస్టు మూడో శనివారం డెట్రాయిట్ వైపు వుడ్‌వర్డ్ అవెన్యూలో జరిగే పాత కార్ల ఊరేగింపు డ్రీమ్ క్రూజ్‌కి అసలు రోజున వెళ్తే ట్రాఫిక్కే చూస్తారు. ముందటి బుధ, గురువారాల సాయంత్రాలు నయం. ఆ వేడిలో మెల్లగా కదిలే పాత కార్లకి పంపుకీ కార్బురేటర్‌కీ మధ్య పెట్రోల్ ఆవిరైపోతుంది, ఇథనాల్ కలిసిన పెట్రోల్‌తో ఇంకా త్వరగా. ఎవరి కారైనా అలా ఆగిపోతే స్టార్టర్ తిప్పుతూ ఉండకండి, బానెట్ ఎత్తి ఇరవై నిమిషాలు చల్లారనివ్వాలి. ఆ వారం హోటల్ ధరలు పెరుగుతాయి. కాంటన్, నోవై వైపు గదులు తీసుకుంటే వుడ్‌వర్డ్‌కి దూరమే కానీ తెలుగువాళ్ల హోటళ్లు దగ్గర, రాత్రి పప్పన్నానికి లోటుండదు.