బోస్టన్‌లో మోగని పియానో, 640 డాలర్ల గది

బోస్టన్‌లో బస వెతుక్కునేవాళ్ళకు ముందుగా ఒక మాట. ప్రకటనలో ‘గదిలో పురాతన పియానో ఉంది’ అని కనిపిస్తే, అది మోగుతుందో లేదో మెసేజ్ పెట్టి అడగండి. జవాబు వచ్చాకే డబ్బు కట్టండి.

మా మనవరాలు న్యూజెర్సీలో పియానో నేర్చుకుంటోంది. ఆ ఫొటో చూడగానే “తాతా, ఈ రూమే!” అని కూర్చుంది. ఇక మావాడు మాత్రం ఏం చేస్తాడు? రాత్రికి 189 డాలర్లని చూపించారు. రెండు రాత్రులకు 378. తీరా కార్డు నంబరు కొట్టే వేళకు శుభ్రం చేసే ఛార్జీ 120, సర్వీసు ఛార్జీ 68, పన్నులు 74 వచ్చి చేరాయి. మొత్తం 640. కారు పెట్టుకోవడానికి చోటు లేదన్న సంగతి అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. గ్యారేజీకి రోజుకు 38 డాలర్లు అదనం.

ప్రయాణం హాయిగా సాగింది. మెట్లు మాత్రం మూడంతస్తులు. మా ఆవిడ రెండో మలుపులోనే ఆగిపోయి “ఏమండీ, లిఫ్టు ఉందన్నారు కదా” అంది. అన్నది నేను కాదు, ప్రకటన. అయినా ఆ పూటంతా ఆ నింద నా మీదే ఉంది.

పియానో సంగతికొస్తాను. బల్లలా పొడుగ్గా, లావుపాటి చెక్కుడు కాళ్ళతో, రోజ్‌వుడ్ పెట్టె. వీటిని స్క్వేర్ పియానోలంటారు, అయితే ఆకారం చతురస్రం కాదు, దీర్ఘచతురస్రమే. మూత మీద మైక్రోవేవ్, దాని పక్కన వైఫై పాస్‌వర్డ్ కార్డు. పిల్ల ఆత్రంగా మూత ఎత్తమంది. ఎత్తితే మీటలు లేవు, తీగలు లేవు. మీటలుండాల్సిన చోట ప్లైవుడ్ పలక, దాని మీద ఆకుపచ్చ గుడ్డ. శ్రుతి బిరడాలు పీకేసిన రంధ్రాలు మాత్రం చెక్కలో బారుగా మిగిలి ఉన్నాయి. ముందు పలక మీద బంగారు అక్షరాల్లో పేరు ఇంకా చెరగలేదు: చికరింగ్ అండ్ సన్స్, బోస్టన్. నిటారు పియానోలు వచ్చి వీటికి గిరాకీ పడిపోయాక ఎన్నింటినో ఇలా లోపలంతా తీసేసి రాతబల్లలుగా మార్చేశారట. చెయ్యొచ్చు, కాదనను. రాతబల్లను పియానో అని చెప్పి అద్దెకివ్వడమే అన్యాయం.

ఇంటాయనకు మెసేజ్ పెడితే “అది అలంకరణ వస్తువు” అని జవాబిచ్చాడు. పిల్ల మూతి ముడుచుకుని పడుకుంది. నాకు నిద్ర పట్టక, ఈ చికరింగ్ ఎవరో చూద్దామని ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. తెల్లారేసరికి మా ప్రోగ్రాం మారిపోయింది. అక్వేరియం రద్దు, మావాడి సణుగుడు మొదలు.

జోనాస్ చికరింగ్ 1798లో న్యూ హాంప్‌షైర్‌లో పుట్టాడు. వడ్రంగం నేర్చుకున్నాడు. ఊళ్ళో ఉన్న ఒక్కగానొక్క పియానో పాడైతే విప్పి బాగుచేశాడని, ఆ రుచే అతణ్ణి ఈ దారి పట్టించిందని చెబుతారు. 1818లో బోస్టన్ వచ్చాడు, ఆ తర్వాత జాన్ ఆస్బోర్న్ అనే పియానో తయారీదారు దగ్గర పనికి కుదిరాడు. 1823లో జేమ్స్ స్టూవర్ట్‌తో కలిసి సొంత దుకాణం పెట్టాడు. అక్కడి మొదటి పియానో 275 డాలర్లకు అమ్ముడైంది. మా మైక్రోవేవ్ బల్లకు ఆ రాత్రి ఎంత కట్టామో పైన రాశాను. 1830లో మెకే అనే ఓడ కెప్టెన్ భాగస్వామిగా చేరాడు. ఆయన ఓడలు పియానోలు దక్షిణ అమెరికాకు మోసుకెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు కలప తెచ్చేవి. 1841లో మెకే సముద్రంలోనే గల్లంతయ్యాడు.

వీళ్ళ అసలు ఘనత ఇనుములో ఉంది. తీగలను గట్టిగా బిగిస్తే ఆ లాగుడుకు చెక్క చట్రం వంగుతుంది. పైగా అక్కడ చలికాలం ఇంట్లో పొయ్యి వేడికి చెక్క ఎండుతుంది, వేసవి చెమ్మకు ఉబ్బుతుంది. ఇక శ్రుతి ఎక్కడ నిలుస్తుంది? స్క్వేర్ పియానోకు ఒకే ముక్కగా పోతపోసిన ఇనుప చట్రానికి 1825లో పేటెంట్ తీసుకున్నది ఆల్ఫియస్ బాబ్‌కాక్. ఆయన తర్వాత చికరింగ్ దగ్గరే పనిచేశాడు. గ్రాండ్ పియానోకు అలాంటి ఏకముక్క చట్రం చేసి 1843లో చికరింగ్ పేటెంట్ పొందాడు. బొబ్బిలిలో ఒకే పనస దుంగను తొలిచి ఏకాండి వీణ చేసేవాళ్ళకు ఈ పట్టుదల ఎందుకో చెప్పక్కర్లేదు, అతుకు దగ్గరే వాద్యం బలహీనం. నన్నడిగితే బాబ్‌కాక్ పేరు కూడా ఎక్కడో ఒకచోట బంగారు అక్షరాల్లో ఉండాల్సింది.

1852 డిసెంబర్‌లో వాషింగ్టన్ స్ట్రీట్ ఫ్యాక్టరీ తగలబడిపోయింది. చికరింగ్ వెంటనే ట్రెమాంట్ స్ట్రీట్‌లో కొత్తది మొదలుపెట్టాడు. అది పూర్తికాకుండానే 1853 డిసెంబర్‌లో కన్నుమూశాడు. కొడుకులు పూర్తిచేశారు. వాషింగ్టన్‌లోని పార్లమెంటు భవనం క్యాపిటల్ తర్వాత దేశంలో అంత పెద్ద కట్టడం లేదని అప్పట్లో గొప్పగా చెప్పుకునేవారట.

ఆ భవనం ఇప్పటికీ ఉంది. మెట్రో రైలు ఆరెంజ్ లైన్‌లో మసాచుసెట్స్ అవెన్యూ స్టేషన్‌లో దిగి నడవొచ్చు. మెట్రో టికెట్ పెద్దలకు 2 డాలర్ల 40 సెంట్లు, పదకొండేళ్ళ వరకు పిల్లలకు ఉచితం. కారు తీయకండి, పార్కింగ్ టెన్షన్‌తో మావాడు అప్పటికే సగమయ్యాడు. ఎర్ర ఇటుకల గోడలు, వరసగా పెద్ద కిటికీలు, మధ్యలో పెరడు. 1970లలో దీన్ని కళాకారుల ఇళ్ళుగా మార్చారు. కింద చిన్న ఆర్ట్ గ్యాలరీ ఉంది, ప్రవేశం ఉచితం, కానీ రోజూ తెరవరు, వేళలు చూసుకుని వెళ్ళండి.

మేం కిటికీల్లోంచి తొంగిచూస్తుంటే అక్కడే ఉండే ఒక పెద్దావిడ, చేతులకు రంగులతోనే వచ్చి, “లోపల చూస్తారా?” అంది. వసారాలో దూలాలు చూపించింది. పనివాళ్ళకు వెలుతురు కావాలనే కిటికీలు అంత పెద్దవి పెట్టారని చెప్పింది. మా ఆవిడ మోకాళ్ళ సంగతి కనిపెట్టి, లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేసింది. ఆవిడకు ఎంతివ్వాలో తెలియక మావాడు పర్సు తీస్తే నవ్వేసింది. డబ్బు కట్టించుకున్న మనిషి మెసేజ్‌లో ఒక్క ముక్క రాసి ఊరుకుంటే, ఏ సంబంధమూ లేని మనిషి మాకోసం అరగంట నిలబడింది.

భోజనం కూడా ఆ పూటే కలిసొచ్చింది. పక్క వీధిలో చిన్న ఇథియోపియా హోటల్. శాకాహారం పళ్ళెం 19 డాలర్లు, ఇద్దరికి సరిపోయింది. పులిసిన పిండితో వేసిన పెద్ద అట్టు మీద కారంగా ఎర్రపప్పు, క్యాబేజీ కూర, ఆకుకూర. చేత్తోనే తినాలి. మా ఆవిడ అమెరికా వచ్చాక మొదటిసారి మారు అడిగింది. మనవరాలు కూడా అలక మాని మాట్లాడింది.

సాయంత్రం హార్వర్డ్ స్క్వేర్ నుంచి బస్సులో, 1 డాలర్ 70 సెంట్లకు, మౌంట్ ఆబర్న్ శ్మశానానికి వెళ్ళాం. చికరింగ్ కుటుంబ సమాధి మీద థామస్ బాల్ చెక్కిన విగ్రహం ఉంది. ప్రవేశం ఉచితం. అది కొండలు, చెట్లతో తోటలా ఉంటుంది, కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు గేటు దగ్గరే ఆగడం మేలు.

ఇప్పుడు ఆ పేరుతో బోస్టన్‌లో ఫ్యాక్టరీ లేదు. 1867 పారిస్ ప్రదర్శనలో పోటీ పియానో సంస్థ స్టైన్‌వేతో సమానంగా బంగారు పతకం తెచ్చుకున్న సంస్థ 1908లో అమెరికన్ పియానో కంపెనీలో కలిసిపోయింది.

ఇక బస విషయం. మూడు ఫొటోలు పెట్టి ఫిర్యాదు చేస్తే ఇంటాయన 40 డాలర్లు వెనక్కిస్తానన్నాడు. సమీక్ష రాయకూడదన్న షరతు పెట్టాడు. మావాడు తీసేసుకుందామన్నాడు, నేను ఒప్పుకోలేదు. మీరు వెళ్తే ఊరి మధ్యలో దిగకండి. రెడ్ లైన్ చివర క్విన్సీ వైపు పార్కింగ్ ఉన్న హోటల్ తీసుకుని, పొద్దున్నే రైలెక్కండి.