హోయ్‌లుండ్ మేలా, జిర్క్‌జీ మేలా?

2025 జనవరి 12, భోగికి ముందు రోజు రాత్రి. పండక్కి సంతనూతలపాడు దగ్గర మా అక్కవాళ్ల ఊరెళ్లాం. వాకిట్లో ముగ్గులు వేస్తున్నారు. పిల్లలు తెల్లారి మంటకు పాత కట్టెలు పోగేస్తున్నారు. నేను, మా బావ, మా మేనల్లుడు మాత్రం అరుగు మీద ఒక్క ఫోను చుట్టూ కూర్చున్నాం. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ టోర్నీ ఎఫ్‌ఏ కప్‌లో ఆర్సెనల్‌తో మా మాంచెస్టర్ యునైటెడ్ మ్యాచ్. మావాడు డాలోకి రెడ్ కార్డు పడ్డాక పది మందితోనే లాక్కొచ్చి, 1-1 దగ్గర మ్యాచ్‌ను పెనాల్టీల దాకా తెచ్చారు. చివరి పెనాల్టీ కొట్టడానికి, ముందు నిలబడి గోల్స్ కొట్టాల్సిన యునైటెడ్ స్ట్రైకర్ జోషువా జిర్క్‌జీ నడిచి వస్తున్నాడు.

సరిగ్గా పదమూడు రోజుల ముందు, న్యూకాజిల్‌తో మ్యాచ్‌లో, సొంత స్టేడియంలో సొంత జనమే ఇతన్ని గేలి చేశారు. 33వ నిమిషంలోనే కోచ్ బయటికి పిలిస్తే, వెళ్తున్నందుకు సంతోషంగా చప్పట్లు కొట్టారు. అతను బెంచీ దగ్గర ఆగకుండా నేరుగా లోపలికి వెళ్లిపోయాడు. కాసేపటికి తిరిగొచ్చి కూర్చున్నాడు. ఆ రాత్రి రెండింటప్పుడు అది చూసి మా బావ టీవీ కట్టేసి పడుకున్నాడు.

ఇప్పుడు అదే మనిషి ఆ పెనాల్టీ వేశాడు. 5-3. గెలిచాం.

బావ లేచి నిలబడ్డాడు. "చెప్పానా లేదా?" అన్నాడు.

"పెనాల్టీ ఎవరైనా కొడతారు నాన్నా. ఆటలో కొట్టమను" అన్నాడు మేనల్లుడు.

ఆ సీజన్ అయిపోయేదాకా మా ఇంట్లో ఇదే గొడవ. బావ జిర్క్‌జీ మనిషి. ఇంజనీరింగ్ చదివే వాళ్లబ్బాయి అదే టీమ్‌లో ఇంకో స్ట్రైకర్ రాస్మస్ హోయ్‌లుండ్ మనిషి. 2008లో మాస్కో ఫైనల్ చూసినప్పటి నుంచి నాకు ఈ క్లబ్బంటే ప్రాణం. అందుకని ఇద్దరూ తీర్పు నన్నే చెప్పమనేవాళ్లు. అప్పట్లో తప్పించుకున్నాను గానీ, ఇప్పుడు చెబుతాను.

ముందు లెక్క. హోయ్‌లుండ్‌ను 2023 ఆగస్టులో ఇటలీ క్లబ్బు అటలాంటా నుంచి కొన్నారు. 64 మిలియన్ పౌండ్లు, షరతులు నెరవేరితే మరో 8. మన డబ్బుల్లో ఏడు వందల కోట్ల పైమాటే. జిర్క్‌జీని 2024 జూలైలో బొలోన్యా నుంచి 36.5 మిలియన్లకు తెచ్చారు, దాదాపు అందులో సగం. 2024-25లో ఇద్దరూ ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ముప్పైకి పైగా మ్యాచ్‌లు ఆడారు. హోయ్‌లుండ్ 4 గోల్స్, జిర్క్‌జీ 3. అన్ని టోర్నీలూ కలిపితే 10, 7. టీమ్ మొత్తానికి లీగ్‌లో 44 గోల్స్, 42 పాయింట్లు, 15వ స్థానం. ఈ అంకెలు చూసి ఎవరు మేలో తేల్చాలంటే రెండు ఎండిన చెరువుల్లో ఏది లోతో కొలిచినట్టుంటుంది. అందుకే అంకెలు పక్కన పెట్టి ఆట చూడాలి.

హోయ్‌లుండ్ ఆటంతా పరుగే. డిఫెండర్ వీపు వెనక ఖాళీ కనబడితే చాలు, దూకుతాడు. ఎడమ కాలి ఆటగాడు, ఆరడుగుల పైన ఎత్తు, ఒంట్లో బలముంది. మొదటి సీజన్‌లో లీగ్‌లో తొలి గోల్ కోసం డిసెంబర్ 26 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ రోజు ఆస్టన్ విల్లా మీద 0-2 వెనకబడి 3-2తో గెలిచిన మ్యాచ్‌లో గెలుపు గోల్ అతనిదే. దాంతో మొదలుపెట్టి ఫిబ్రవరికల్లా తాను ఆడిన ఆరు లీగ్ మ్యాచ్‌ల్లో వరసగా గోల్ కొట్టాడు. ప్రీమియర్ లీగ్‌లో అంత చిన్న వయసులో ఆ పని చేసినవాడు అప్పటిదాకా లేడు. యూరప్ క్లబ్బుల అతిపెద్ద టోర్నీ ఛాంపియన్స్ లీగ్ గ్రూపు దశలో ఐదు గోల్స్ కొట్టాడు, అందులో ఒకటి జర్మనీ క్లబ్బు బయర్న్ సొంత గడ్డ మీద. వీడికి గోల్ కొట్టడం రాదనేవాళ్లు ఆ రెండు నెలల ఆట మళ్లీ చూడాలి.

అతనిలో లోపాలు లేవా అంటే, ఉన్నాయి. గోల్‌పోస్టుకు వీపు పెట్టి బంతి అందుకోమంటే తడబడతాడు. బంతి కాలికి తగిలి మూడడుగులు అవతల పడుతుంది. డిఫెండర్‌తో భుజాలు తోసుకోవటంలో పడి బంతి సంగతి మర్చిపోతాడు. మనసు చెదిరిందంటే ఇంక అంతే. 2024 డిసెంబర్‌లో చెక్ క్లబ్బు ప్ల్జెన్ మీద రెండు గోల్స్ కొట్టాక 21 మ్యాచ్‌లు ఒక్క గోల్ లేదు.

ఆ కరువు తీరిన రాత్రి నాకు బాగా గుర్తు. మార్చి 16, లెస్టర్‌తో మ్యాచ్, మనకు అర్ధరాత్రి పన్నెండున్నరకు మొదలైంది. మా బావ పొగాకు బ్యారన్, అంటే ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం, కాలుస్తున్నాడు. ఆ నాలుగు నెలలు రైతుకు నిద్ర ఉండదు. మంట పడిపోకూడదు, ఎక్కువ కాకూడదు, గంటగంటకీ బ్యారన్ లోపలి వేడి ఎంతుందో చూసుకోవాలి. మేం బ్యారన్ పక్కన మంచం వేసుకుని ఫోనులో చూస్తున్నాం. హోయ్‌లుండ్ గోల్ కొట్టాక కెమెరా అతని ముఖం దగ్గరగా చూపించింది. నవ్వులేదు. బరువు దింపినవాడి ముఖం అది. మేనల్లుడు కళ్లు తుడుచుకోవటం నేను చూశాను. ఆ రాత్రి బావ కూడా వాదన పెట్టలేదు. లేచి వెళ్లి పొయ్యిలోకి రెండు మొద్దులు తోసి వచ్చాడు.

జిర్క్‌జీ వేరే రకం. ముందుకు పరిగెత్తడు, వెనక్కి వస్తాడు. పైనుంచి పడే బంతిని ఛాతీతో ఆపి, వీపు మీద డిఫెండర్ ఉండగానే పక్కవాడికి మెత్తగా అందిస్తాడు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి పాదం అంత మెత్తగా ఉండటం అరుదు. 2023-24లో తియాగో మొత్తా కోచ్‌గా ఉన్న బొలోన్యాలో అతను 11 లీగ్ గోల్స్ కొట్టాడు. 1964 తర్వాత ఆ క్లబ్బు మళ్లీ యూరప్‌లో అతిపెద్ద టోర్నీకి చేరింది. అక్కడ అతను కిందికి దిగితే, అతను ఖాళీ చేసిన చోటికి వేరేవాళ్లు పరిగెత్తేవాళ్లు. యునైటెడ్‌కు వచ్చిన తొలి మ్యాచ్‌లోనే, ఫుల్హామ్ మీద 87వ నిమిషంలో, గార్నాచో పక్కనుంచి ఇచ్చిన బంతిని చిన్నగా తాకించి గోల్‌లోకి పంపాడు. డిసెంబర్ 1న ఎవర్టన్ మీద రెండు కొట్టాడు. లీగ్‌లో అతని మూడు గోల్స్ అవే.

బావ వాదన ఇది. "బంతి ఇచ్చేవాడే లేని టీమ్‌లో ముందు నిలబడి చేతులెత్తితే ఏం లాభం? మావాడు కిందికి దిగి బంతి తెచ్చుకుంటాడు. ఆట కదులుతుంది."

మాట సబబే. కానీ అలా కదిలిన ఆట చివరికి ఎక్కడికి చేరుతుందో చూడండి. జిర్క్‌జీ మిడ్‌ఫీల్డ్‌లోకి దిగి, బంతి అందుకుని, చక్కగా తిప్పి పక్కకు ఇస్తాడు. పక్కవాడు గీత దాకా వెళ్లి తలెత్తి చూస్తే గోల్ ముందరి బాక్స్‌లో మన చొక్కా ఒక్కటీ కనబడదు. క్రాస్ వేయాలా, వెనక్కి ఇవ్వాలా అని అక్కడే ఆగుతాడు. ఆ సీజన్‌లో ఇది ఎన్నిసార్లు చూశానో. హోయ్‌లుండ్ ఆడినప్పుడు దీనికి తిరగబడింది. అతను బాక్స్‌లో దగ్గరి పోస్టు వైపు పరిగెత్తుతాడు, బంతి రాదు. వెనక్కి తగ్గి దూరపు పోస్టు వైపు పరిగెత్తుతాడు, అప్పుడూ రాదు. మేనల్లుడు ఫోను ఆపి మరీ చూపించేవాడు: "చూడు మామా, ఖాళీగా ఉన్నాడు. ఇవ్వచ్చుగా!" గార్నాచో అయినా, ఫిబ్రవరి మొదట్లో విల్లాకు వెళ్లేదాకా రాష్‌ఫోర్డ్ అయినా, ముందు లోపలికి తిరిగి తామే కొట్టాలని చూసే రకం. లీగ్‌లో ఎక్కువ గోల్స్ బ్రూనో ఫెర్నాండెస్, అమాద్‌లవి, చెరి 8. స్ట్రైకర్లిద్దరివీ కలిపినా వాళ్లలో ఒకరి లెక్కకు సరిపోలేదు.

నవంబర్‌లో కోచ్‌గా వచ్చిన రూబెన్ అమొరిమ్ పద్ధతిలో వెనక ముగ్గురు, ముందు ఒక్క స్ట్రైకర్, అతని వెనక ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకడిగా జిర్క్‌జీ, ముందు హోయ్‌లుండ్ ఆడిన మ్యాచ్‌లూ ఉన్నాయి. నాకు నచ్చినవి అవే. మా వైపు ఎడ్లు కట్టేవాళ్లను అడిగితే చెబుతారు, దాపట అలవాటైన ఎద్దును వెలపట కడితే అది ఎంత మంచిదైనా కాడి సాగదు. జిర్క్‌జీని ఒంటరి స్ట్రైకర్‌గా నిలబెట్టటం అలాంటిదే. తప్పు ఎద్దుది కాదు, కట్టినవాడిది.

హోయ్‌లుండ్ సంగతి చూస్తే ఇంకా బాధేస్తుంది. మా దగ్గర బండలాగుడు పోటీల్లో గిత్తల పళ్లు చూసి విభాగం ఖాయం చేస్తారు. పాల పళ్లవి, రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి వేరువేరు. అన్నీ అయ్యాకే సీనియర్స్. రెండు పళ్ల గిత్తకు సీనియర్ బండ కడితే ఊరు ఒప్పుకోదు, దాని జీవితమే పాడవుతుందని తెలుసు. ఇరవయ్యేళ్ల కుర్రాడిని తెచ్చి యునైటెడ్ చేసింది అదే. 2022లో రొనాల్డో వెళ్లాడు. 2024లో మార్సియాల్ కూడా వెళ్లిపోయాడు. అనుభవమున్న స్ట్రైకర్ ఒక్కడు మిగల్లేదు. కుర్రాడికి రోజూ ప్రాక్టీస్‌లో చూసి నేర్చుకోవడానికి మనిషి లేడు, ఒక నెల పక్కన కూర్చుని ఊపిరి తీసుకునే వీలూ లేదు.

అందుకే ఇద్దరిలో ఎవరు మేలన్నప్పుడల్లా నాకు మూడో దారి తోచేది: ముప్పయ్యేళ్లు దాటిన, గోల్ వాసన తెలిసిన ఒకడిని రెండేళ్లకు తెచ్చి పెట్టడం. ఏప్రిల్ 17న లియాన్‌తో యూరోపా లీగ్ క్వార్టర్ ఫైనల్ చూశాక ఆ మాట ఇంకా గట్టిగా అనిపించింది. అదనపు సమయంలో 2-4 వెనకబడ్డాం. నాలుగు రోజుల ముందే న్యూకాజిల్ దగ్గర తొడ కండరం పట్టేసి జిర్క్‌జీ లేడు. చేసేది లేక డిఫెండర్ హ్యారీ మగ్వైర్‌ను ముందుకు పంపారు. బ్రూనో పెనాల్టీ, మైనూ గోల్, చివర్లో 121వ నిమిషంలో మగ్వైర్ తల. 5-4. మేం ముగ్గురం తెల్లవారుజామున మూడు దాటాక కేకలేస్తుంటే అక్క లేచి వచ్చింది. ఆనందం తగ్గాక బావ అన్న మాట నిజం: "స్ట్రైకర్ల పని ఎనకమాల కాపలా కాసేవోడు చేస్తన్నాడంటే, మన ఇంట్లో ఏందో తక్కువుంది బామ్మర్దీ."

ఆఖరికి మే 21న బిల్బావోలో యూరోపా లీగ్ ఫైనల్, టోటెన్‌హామ్‌తో. 0-1 వెనక ఉన్నాం. రెండో సగంలో హోయ్‌లుండ్ తలతో కొట్టిన బంతి గోల్‌కీపర్‌ను దాటి ఖాళీ గోల్ వైపు వెళుతోంది. ఫాన్ డె ఫెన్ గాల్లోకి ఎగిరి గీత మీద కాలితో బయటికి తన్నాడు. మేనల్లుడు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు. కొద్ది నిమిషాలకే హోయ్‌లుండ్ బయటికి, గాయం నుంచి అప్పుడే తేరుకున్న జిర్క్‌జీ లోపలికి. సీజన్ అంతా మేం చేసిన వాదన ఒక్క బోర్డు మీద ఎరుపు, ఆకుపచ్చ అంకెలుగా వెలిగింది. ఆ మార్పుతోనూ స్కోరు మారలేదు.

నా తీర్పు ఇది. ముందు నిలబడే ఒక్కడిని ఎంచుకోమంటే హోయ్‌లుండ్. మొదటి తాకు నేర్పవచ్చు, ఫినిషింగ్ నేర్పవచ్చు, వయసుతో పాటు మనసూ గట్టిపడుతుంది. డిఫెండర్ కదలకముందే ఖాళీలోకి దూకే బుద్ధి మాత్రం పుట్టుకతో రావాలి, అది అతనికుంది. జిర్క్‌జీని స్ట్రైకర్‌గా తూచటం మానేసి, స్ట్రైకర్ వెనక ఆడే ఇద్దరిలో ఒకడిగా తూస్తే అప్పుడు బావ మాటే నిజం. ఒకడిని అమ్మేయాలంటే? నేనైతే ఇద్దరినీ ఉంచుకుని పైన ఒక పెద్దవాడిని తెచ్చేవాడిని.

క్లబ్బు ఇంకో దారి పట్టింది. 2025 ఆగస్టులో జర్మనీ క్లబ్బు లైప్‌జిగ్ నుంచి స్ట్రైకర్ బెంజమిన్ షెష్కోను కొంది. మంచి ఆటగాడే. కానీ అప్పటికి వయసు 22, హోయ్‌లుండ్ కన్నా నాలుగు నెలలు చిన్న. మళ్లీ రెండు పళ్ల గిత్త, మళ్లీ అదే బండ. సెప్టెంబర్‌లో హోయ్‌లుండ్‌ను ఇటలీ క్లబ్బు నాపోలీకి అద్దెకిచ్చారు. అక్కడ ఫియొరెంతీనాతో తొలి మ్యాచ్‌లోనే, పావుగంట తిరక్కుండా గోల్. అక్టోబర్ 1న స్పోర్టింగ్ లిస్బన్ మీద ఛాంపియన్స్ లీగ్‌లో రెండు, రెండింటికీ పాస్ అక్కడి ఆటగాడు కెవిన్ డి బ్రయ్న్‌ది. మనకు అప్పటికి దసరా రోజు తెల్లవారుజాము. సెలవులకు ఇంటికొచ్చిన మేనల్లుడు మొదటి గోల్‌ను మళ్లీ వేసి, డి బ్రయ్న్ కాలి నుంచి బంతి వెళ్లే చోట ఆపాడు.

"ఇప్పుడు చూడు నాన్నా. అదే పరుగు. బంతి ఒక్కటే కొత్త."

బావ ఫోను దగ్గరికి తీసుకుని రెండుసార్లు చూశాడు. ఏమీ అనలేదు.

నవంబర్ 30న, ఆదివారం సాయంత్రం, బావ నుంచి ఫోను. క్రిస్టల్ ప్యాలెస్ మీద జిర్క్‌జీ గోల్ కొట్టాడు, స్కోరు సమమైంది. లీగ్‌లో అతని ముందటి గోల్ ఎవర్టన్ మీద కొట్టినదే, ఏడాదికి ఒక్క రోజు తక్కువ. బ్రూనో ఫ్రీకిక్ తీస్తే ఛాతీతో దింపుకుని, గోల్ కనబడీ కనబడని మూల నుంచి బలంగా కొట్టాడు.

"చూశావా బామ్మర్దీ, మావాడు!" బావ గొంతు వణుకుతోంది.

"చూశాను బావా. ఎక్కడ నిలబడి కొట్టాడో చూశావా? బాక్స్‌లో."

అవతల కాసేపు మాట లేదు. "మళ్లీ ఏస్తన్నారు, ఉండు" అని ఫోను టీవీ వైపు తిప్పినట్టున్నాడు, కామెంటరీ వినిపించింది.